రిపోర్టుకీ డాక్టరుకీ మధ్య మూడు గంటలు

మా సాయినగర్‌లో ఒక క్లినిక్ గోడకి “గూగుల్ చూసుకుని వచ్చినవాళ్ళకి ఫీజు డబుల్” అని కాగితం అంటించి ఉంటుంది. డాక్టరుగారు సరదాకి పెట్టించిందే, ఎవరి దగ్గరా డబుల్ వసూలు చేసింది లేదు. టోకెన్ పట్టుకుని కూర్చున్నవాళ్ళు దాన్ని చదివి నవ్వుకుంటారు, నవ్వుకుంటూనే మళ్ళీ ఫోన్లో వెతుక్కుంటారు. నాకు మాత్రం ఆ కాగితం మీద మొదటి నుంచీ కోపమే.

జబ్బు గురించి ఫోన్లో వెతికేవాళ్ళని వెక్కిరించడం మనకి అలవాటైపోయింది. వాట్సాప్ జోకులు, టీవీ స్కిట్లు, పెళ్ళిళ్ళలో బావగారి సెటైర్లు, అన్నిట్లోనూ ఇదే. ఉన్న రోగం ఒకటైతే లేనివి పది తెచ్చుకున్నాడు అంటాం. ఆ మనిషికి తెర మీద ఏం కనబడింది, ఏది పెద్ద అక్షరాల్లో కనబడింది, ఏది కనబడకుండా కిందెక్కడో ఉండిపోయింది అని మాత్రం ఎవరమూ చూడం. అనంతపురంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఏళ్ళ తరబడి రక్తం తీస్తూ, రిపోర్టులు ఇస్తూ నేను గమనించింది ఏమంటే, జనం వేసే ప్రశ్నలు చాలావరకు తెలివైనవే. ఆ ప్రశ్న వేసే చోటే వంకరగా కట్టి ఉంది.

మా పని ఎట్లా నడుస్తుందో ముందు చెప్తాను. పొద్దున ఆరున్నర నుంచి పరగడుపు వాళ్ళు వస్తారు. నార్పల, గార్లదిన్నె, కూడేరు వైపు నుంచి మొదటి బస్సుకే దిగిపోతారు. రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ, షుగర్, కిడ్నీలకి క్రియాటినిన్, లివర్‌కి ఎస్‌జీపీటీ, థైరాయిడ్. ఒకప్పుడు రిపోర్టు కాగితం కవర్లో పెట్టి ఇచ్చేవాళ్ళం. దాన్ని పట్టుకుని నేరుగా డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళు. కవరు విప్పి చూసినా అంకెలు ఎవరికీ అర్థమయ్యేవి కావు. ఇప్పుడు మధ్యాహ్నం మూడున్నరకల్లా పీడీఎఫ్ వాట్సాప్‌లో వెళ్ళిపోతుంది. సాయంత్రం ఓపీ ఆరున్నరకి గానీ మొదలుకాదు. ఆ మూడు గంటలకి బాధ్యత ఎవరిదీ కాదు. ల్యాబు తన పని అయిపోయిందనుకుంటుంది, డాక్టరు పని ఇంకా మొదలుకాలేదు. మనిషి చేతిలో ఫోన్ ఉంది, ఫోన్లో రిపోర్టు ఉంది. వెతక్కుండా ఎట్లా ఉంటాడు? వెతకనివాళ్ళని చూస్తేనే నాకు ఆశ్చర్యం.

పైగా ఆ పీడీఎఫ్ పేషెంటు దగ్గర ఆగదు. బెంగళూరులో ఉన్న కొడుక్కి పోతుంది, అక్కడి నుంచి ఫ్యామిలీ గ్రూపుకి, గ్రూపులో నర్సింగ్ చదివే మేనకోడలికి. రక్తం ఇచ్చింది ఒకరు, వెతికేది ఇంకొకరు, ఏ ఆసుపత్రికి పోవాలో తేల్చేది మూడో మనిషి. సెర్చ్ తెర మాత్రం ఎదురుగా ఉన్న ఒక్కరి కోసమే తయారైంది. ఈ ఒక్కరు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపిస్తారు. స్క్రీన్‌షాట్‌లో పెద్ద అక్షరాల ముక్క ఉంటుంది. అది ఏ సైటులోది, ఏ దేశానిది, ఎప్పుడు రాసింది అనేవి చాలాసార్లు కత్తిరింపులో పోతాయి.

ఇక స్టార్ సంగతి. రిపోర్టులో హద్దు దాటిన అంకె బోల్డ్‌లో వస్తుంది, పక్కన స్టార్ పడుతుంది. ఆ హద్దు ఎక్కడి నుంచి వచ్చింది? చాలా పరీక్షలకి అది ఇట్లా వస్తుంది: ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని ఎక్కువమందిని పరీక్షించి, వాళ్ళలో మధ్యన ఉన్న 95 శాతం మంది ఫలితాలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో చూసి గీత గీస్తారు. అంటే ఏ జబ్బూ లేనివాళ్ళలోనే నూటికి ఐదుగురు గీత బయట ఉంటారు. లెక్క పెట్టిందే అట్లా. హెల్త్ ప్యాకేజీ అని 20 పరీక్షలు ఒకేసారి చేయించుకుంటే, ఏ పరీక్షకి ఆ పరీక్షే విడి అనుకుని లెక్కేస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒక స్టార్ పడే అవకాశం 64 శాతం. ఈ ముక్క డాక్టరుకి తెలుసు, మాకు తెలుసు. రిపోర్టు మీద ఎక్కడా ఉండదు. స్టార్ పడ్డ పేరుని తీసుకెళ్ళి సెర్చ్‌లో వేస్తే జబ్బుల పేర్లే వస్తాయి. “ఇంత తేడాకి ఏమీ కాదు, మామూలే” అని పేజీ రాసేవాళ్ళు తక్కువ. రాసినా దాన్ని నొక్కేవాళ్ళు ఇంకా తక్కువ.

ఇది నా అనుమానం మాత్రమే కాదు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు రయన్ వైట్, ఎరిక్ హోర్విట్జ్ 2009లో దీని మీదే ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. తలనొప్పి అని వెతికితే వచ్చే పేజీల్లో, కాఫీ మానేసినందుకు వచ్చే తలనొప్పి గురించి ఎంత ఉందో బ్రెయిన్ ట్యూమర్ గురించీ దాదాపు అంతే ఉందని వాళ్ళు చూపించారు. బయట లోకంలో ఈ రెండూ ఒకే లెక్కలో వస్తాయా? కాఫీ మానేసి తల పట్టుకున్నవాళ్ళు వీధికి నలుగురు ఉంటారు. తెర మీద మాత్రం రెండూ పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో.

ఒక సాయంత్రం సంగతి చెప్తాను. డెంగీ జ్వరాల కాలం. ల్యాబు నిండా జనం, కూర్చోడానికి చోటు లేక మెట్ల మీద కూడా ఉన్నారు. డిగ్రీ చదివే అమ్మాయి ఒకామె జనాన్ని తోసుకుంటూ కౌంటరు దగ్గరికి వచ్చింది. ఆమె తమ్ముడికి జ్వరం, పొద్దున మేమే రక్తం తీశాం. ముఖమంతా ఏడ్చి ఉబ్బిపోయింది.

“నూటయాభై ఉండల్లంట కదా మేడం, మా వానికి ఒకటీ పాయింట్ ఆరే ఉంది.”

వెనక వాళ్ళమ్మ. “యాడికి తీసకపోవల్ల మేడం, బెంగళూరికా?” అంటోంది. వాళ్ళ నాన్న బయట ఫోన్లో కారు మాట్లాడుతున్నాడు.

నేను రిపోర్టు చూశాను. ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు, క్యూబిక్ మిల్లీమీటరుకి. ఏ ఇబ్బందీ లేని అంకె. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. తర్వాత ఆ అమ్మాయి ఫోన్ తీసుకుని చూశాను. “ప్లేట్‌లెట్స్ నార్మల్ ఎంత” అని ఇంగ్లీషులో చక్కగా వెతికింది. పైన డబ్బా కట్టి, వేలెడంత అక్షరాల్లో 150–450 అని ఉంది. దాని కింద, వెలిసిపోయిన బూడిద రంగులో, పది పక్కన పైన బుల్లి తొమ్మిది వేసి, లీటరుకి అని ఉంది. విదేశాల్లో చాలాచోట్ల లెక్క అది. ఆ లెక్కలో 160 అన్నా, మన పద్ధతిలో 1.6 లక్షలు అన్నా ఒకటే. కాలిక్యులేటర్ మీద గుణించి చూపించాను. ఒకసారి కాదు, వాళ్ళ నాన్న లోపలికి వచ్చాక ఇంకోసారి.

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, “మరి అక్కడ అట్లా చెప్పలేదు కదా మేడం” అంది.

చెప్పలేదు. నిజమే. అడగనూ లేదు. నీ రిపోర్టులో ఏ కొలతలో ఉంది తల్లీ అని ఒక్క ప్రశ్న తిరిగి అడిగి ఉంటే ఆ కారు మాట్లాడే పనే ఉండేది కాదు. ఆ అమ్మాయి చదువుకున్నది, ఇంగ్లీషు వచ్చు, సరైన ప్రశ్నే వేసింది, పేరున్న ఆసుపత్రి పేజీ నుంచే జవాబు వచ్చింది. జవాబూ తప్పు కాదు. ఇన్ని సరిగ్గా ఉండి కూడా ఒక ఇల్లు ఇల్లంతా వణికిపోయిందంటే, తేడా ఆ డబ్బాలోనే ఉంది.

కొలతల గొడవ ప్లేట్‌లెట్లతో ఆగదు. పరగడుపు షుగర్ మన దగ్గర 126 వస్తే మధుమేహం హద్దు అంటాం, బ్రిటన్ పేజీలో అదే 7. మూడు నెలల సగటు షుగర్ మన దగ్గర 6.5 శాతం, వాళ్ళ కొత్త లెక్కలో 48. క్రియాటినిన్ మనకి 1 అయితే వాళ్ళకి 88. హిమోగ్లోబిన్ మనకి 13, వాళ్ళకి 130. క్రియాటినిన్ 1.1 ఉన్న పెద్దాయన కొడుకు ఫోన్లో “60 నుంచి 110 దాకా ఉండాలి” అని చదువుకుంటే ఆయనకి కిడ్నీలు ఉన్నట్టా, లేనట్టా?

ఇదంతా ఎప్పటి నుంచో ఇట్లాగే లేదు. మొదట్లో సెర్చ్ అంటే వరసగా పది లింకులు. ఏదో ఒకటి నొక్కాలి, లోపలికి పోవాలి, చదవాలి. పేజీలోకి పోతే కొలతా కనబడేది, ఎవరు రాశారో కనబడేది. 2014 నుంచి గూగుల్ ఒక పేజీలోని ముక్కని కోసి పైన డబ్బాలో పెట్టడం మొదలుపెట్టింది. 2015లో జబ్బుల పేర్లకి విడిగా ఒక సమాచార పలక వచ్చింది. డాక్టర్లతో సరిచూపించాం అని, తమ దగ్గరికొచ్చే ప్రతి 20 వెతుకులాటల్లో ఒకటి ఆరోగ్యం గురించేనని అప్పుడు కంపెనీయే చెప్పింది. 2024 మేలో అమెరికాలో, అదే ఏడాది ఆగస్టులో మన దేశంలో, ఏఐ రాసిపెట్టే జవాబు అన్నిటికంటే పైకి వచ్చి కూర్చుంది. అమెరికాలో వచ్చిన కొత్తలోనే పిజ్జా మీద చీజ్ అతుక్కోవడానికి జిగురు కలపమని చెప్పి ప్రపంచమంతా నవ్వులపాలైన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. జిగురు చూసి నవ్వుకోవచ్చు. 2026 జనవరిలో బ్రిటన్ పత్రిక గార్డియన్ బయటపెట్టింది మాత్రం నవ్వే విషయం కాదు. లివర్ పరీక్షలకి మామూలు హద్దులు ఎంత అని అడిగితే, వయసు, ఆడా మగా లాంటివి పట్టించుకోకుండా ఏఐ అంకెల జాబితా ఇచ్చేస్తోందని ఆ పత్రిక రాసింది. తర్వాత అలాంటి కొన్ని ప్రశ్నలకి గూగుల్ ఆ ఏఐ జవాబుని తీసేసింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మా మెట్ల మీది జనమే కళ్ళ ముందు మెదిలారు.

ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ మనిషి లోపలికి పోవాల్సిన అవసరం తగ్గింది. సౌకర్యమే, కాదనను. సినిమా టైమింగులకి, బస్సు వేళలకి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ ప్రశ్నలకి ఒకటే జవాబు. క్రియాటినిన్‌కి అట్లా ఒకటే జవాబు ఉండదు. కండ పట్టిన పాతికేళ్ళ కుర్రాడికి ఒక అంకె, ఎముకల గూడులా ఉన్న ఎనభై ఏళ్ళ అవ్వకి ఇంకొకటి. అవ్వకి 1.2 ఉంటే డాక్టరు కాస్త ఆగి చూస్తారు, కుర్రాడికి అదే 1.2 ఉంటే పెద్దగా పట్టించుకోకపోవచ్చు. రెండు రకాల ప్రశ్నలకీ ఒకే డబ్బా పెట్టడం కంపెనీ తీసుకున్న నిర్ణయం. వెతికినవాళ్ళు తీసుకున్నది కాదు.

పైన ఉన్నదాన్నే నమ్మడం పల్లెటూరి అమాయకత్వం అనుకునేవాళ్ళకి ఇంకో సంగతి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థుల చూపు తెర మీద ఎక్కడెక్కడ ఆగుతోందో కొలుస్తూ, గూగుల్ ఇచ్చిన ఫలితాల వరసని వాళ్ళకి తెలియకుండా తలకిందులు చేసి చూపించారు. పెద్దగా సంబంధం లేనివి పైకి వచ్చినా పిల్లలు ఎక్కువగా పైవాటినే నొక్కారు. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో 2017లో చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. ఫలానా జబ్బుకి ఫలానా చికిత్స పనిచేస్తుందా అని అడిగారు. ఏ ఫలితాలూ చూపించకుండా అడిగితే సరైన జవాబులు 43 శాతం. సరైన సమాచారం ఎక్కువున్న ఫలితాలు చూపిస్తే 65. తప్పుడు సమాచారం ఎక్కువున్నవి చూపిస్తే 23. అసలు ఏమీ చూడనప్పటికంటే తప్పుడు ఫలితాలు చూసినప్పుడు దాదాపు సగానికి పడిపోయింది. వీళ్ళెవరూ మా గార్లదిన్నె బస్సు దిగినవాళ్ళు కాదు.

ప్రకటనల విషయం వేరే చెప్పాలి. బస్టాండు గోడ మీద పోస్టరు అంటిస్తే అది పోస్టరని చిన్నపిల్లవాడికీ తెలుస్తుంది. సెర్చ్‌లో కూడా ఒకప్పుడు డబ్బిచ్చి పైకొచ్చిన ఫలితాల వెనక లేత రంగు పట్టీ ఉండేది. 2013లో ఆ పట్టీ పోయి పసుపు రంగు చిన్న ముద్ర వచ్చింది. 2016లో అది ఆకుపచ్చ అయింది, అంటే పక్కనున్న సైటు అడ్రసు రంగే. 2020 మొదట్లో కంప్యూటర్ తెర మీద కూడా రంగే తీసేసి నల్ల అక్షరాలు పెట్టారు. ఏది ప్రకటనో ఏది కాదో తెలియడం లేదని అప్పుడు పెద్ద గొడవే జరిగింది. 2022లో “స్పాన్సర్డ్” అనే మాట వచ్చింది. ఒక్కో మార్పూ చిన్నదే. మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది, రంగు ఎటు నుంచి ఎటు పోయిందో.

మన సీమ ఎండలకి కిడ్నీలో రాళ్ళు కొత్త సంగతి కాదు. ఆ నొప్పి ఒకసారి వచ్చినవాడు ఫోన్లో ఒక్కసారి వెతికితే చాలు, వారం రోజులు రాళ్ళు కరిగించే పొడులూ, కోత లేని వైద్యాలూ వాడి వెంట పడతాయి. షుగర్ పూర్తిగా పోగొడతాం అనేవీ అంతే. మన దేశంలో 1954 నాటి చట్టం ఒకటుంది, మాయ మందుల ప్రకటనల మీద. మధుమేహం, క్యాన్సర్, కిడ్నీ రాళ్ళతో కలిపి కొన్ని పదుల జబ్బుల జాబితా ఇచ్చి, వీటిని నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వకూడదంటుంది. గోడ పోస్టర్ల కాలంలో రాసిన చట్టం. గోడ మీద ఉన్నదాన్ని ఇన్‌స్పెక్టరు చూడగలడు. నా ఫోన్లో నాకు మాత్రమే కనబడేదాన్ని ఎవరు చూస్తారు?

ఇది ఎంతదాకా పోగలదో చైనా చూసింది. 2016లో అక్కడ ఒక కాలేజీ విద్యార్థి అరుదైన క్యాన్సర్‌తో చనిపోయాడు. బైడూ అనే వాళ్ళ సెర్చ్‌లో పైన కనబడిన ఆసుపత్రికి పోయి, లక్షలు పోసి, పనికిరాని చికిత్స చేయించుకున్నాడు. పైన కనబడటానికి కారణం ఆ స్థానాన్ని డబ్బిచ్చి కొనడం. చనిపోకముందు అతను తన కథ రాసిపెట్టాడు. దేశమంతా మండిపడింది. ప్రభుత్వం కదిలి, పేజీలో డబ్బు కట్టిన ఫలితాలు 30 శాతం దాటకూడదని, వాటిని స్పష్టంగా గుర్తుపట్టేలా చూపాలని ఆదేశించింది. ఒక ప్రాణం పోయాక వచ్చిన ఆ ఆదేశం, గమనించండి, వైద్యం గురించి కాదు. తెర ఎట్లా ఉండాలన్న దాని గురించి.

తెలుగులో వెతికేవాళ్ళ పరిస్థితి ఇంకో రకం. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగు మాటని వినడం నేర్చుకుంది. అప్పటి నుంచి రాయడం రాని పెద్దవాళ్ళు కూడా ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని అడుగుతున్నారు. మా అవ్వ వయసువాళ్ళు అట్లా అడుగుతుంటే నాకు ముచ్చటేస్తుంది. అడగడం సులువైంది కానీ, జవాబుగా వచ్చేది ఎక్కువగా వీడియోలు, “ఈ ఆకు తింటే చాలు” రకం పేజీలు. మంచి తెలుగు పేజీ లేనప్పుడు లేదు అని చెప్పొచ్చు కదా. చెప్పదు. ఉన్నదాంట్లో ఏదో ఒకటి తెచ్చి, అదే వరసలో, అదే ధీమాతో పెడుతుంది. వందమంది డాక్టర్లు సరిచూసిన పేజీకీ, థంబ్‌నెయిల్ మీద ఎర్ర బాణం గీసిన వీడియోకీ తెర మీద దక్కే మర్యాద ఒకటే.

పాముకాటు తీసుకోండి. వానలు పడి శెనక్కాయ చేలల్లో పనులు మొదలైతే మన దగ్గర ఇది ప్రతి ఏడూ ఉన్నదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇంకో చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే ఒకే ఇంజెక్షన్ మన దేశంలో ఉంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. కరిచిన మనిషి పక్కన నిలబడి ఫోన్ తీసినవాడికి తెర మీద మొదట కావాల్సింది ఒక్కటే: ఆ ఇంజెక్షన్ దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉంది, 108కి ఎట్లా ఫోన్ చేయాలి. నేను తెలుగులో అడిగి చూసినప్పుడు మొదట వచ్చింది ఆకు పసరు వీడియో.

నీళ్ళ సంగతి కూడా ఇట్లాంటిదే. అనంతపురం బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువని ఇక్కడ పుట్టినవాళ్ళకి తెలుసు. 1995–96లో సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్ళకి నీళ్ళు తెచ్చినా, చేలో పనికి పోయినప్పుడు బోరు నీళ్ళే తాగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన ప్రమాణాలు చెప్తాయి. ఏళ్ళ తరబడి అంతకంటే ఎక్కువ ఒంట్లోకి పోతే కీళ్ళు, వెన్ను బిగుసుకుపోతాయి. ఇప్పుడు కీళ్ళ నొప్పులు అని వెతకండి. యూరిక్ యాసిడ్, కాల్షియం, విటమిన్ డి, కీళ్ళవాతం అన్నీ వస్తాయి. మేం చేసే పరీక్షలే, మా వ్యాపారానికి మంచిదే. మీరు తాగే నీళ్ళు ఎక్కడివి అని అడిగే తెర నాకు కనబడలేదు. నేను కళ్యాణదుర్గం పోతే అక్కడున్నానని ఫోన్‌కి తెలుసు. బిర్యానీ అని కొడితే పక్క సందులో హోటల్ చూపిస్తుంది. కీళ్ళ నొప్పి అని కొడితే మాత్రం ప్రపంచంలో ఎక్కడున్నా ఒకటే జవాబు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో బోరు నీళ్ళు పరీక్ష చేయించుకోవచ్చన్న ఒక్క వాక్యం చాలు, కొంతమందికి నాలుగు రకాల రక్త పరీక్షల ఖర్చు మిగులుతుంది.

సరే, అయితే జనం వెతకడం మానేయాలా? మా క్లినిక్ కాగితం ఉద్దేశం అదే. నేను ఒప్పుకోను. పోయిన ఏడాది ఒకమ్మాయి థైరాయిడ్ పరీక్షకి వచ్చి, చేయి చాపే ముందు, “మేడం, జుట్టు రాలుతోందని టాబ్లెట్లు వాడుతున్నా, అందులో బయోటిన్ ఉంది, రిజల్ట్ తప్పుగా వస్తుందని చదివినా, నిజమేనా?” అనింది. నిజమే. బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ మోతాదులో ఉంటే కొన్ని యంత్రాల్లో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ అంకెని తప్పుగా చూపిస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. టాబ్లెట్ రాసిచ్చిన డాక్టర్ని అడిగి, రెండు మూడు రోజులు ఆపి రమ్మన్నాం. ఆమెకి ఇది ఏ డాక్టరూ చెప్పలేదు, మా కౌంటర్లోనూ ఎవరూ అడగలేదు. వెతికింది కాబట్టే తెలిసింది. ఆమెకీ ఫీజు డబులేనా?

తెర ఇట్లా కాకుండా ఇంకోలా ఉండటం కుదరదు అనేవాళ్ళకి రెండు విషయాలు గుర్తుచేయాలి. చనిపోవాలనే ఆలోచనతో ఎవరైనా వెతికితే, ఫలితాల కంటే ముందు హెల్ప్‌లైన్ నంబరు చూపించే పద్ధతి అమెరికాలో గూగుల్ 2010లోనే పెట్టింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆ ఒక్క మాటకి పేజీ రూపమే మార్చేసింది. లక్షణాలు ఒకచోట, నివారణ ఒకచోట, ప్రభుత్వ సంస్థల సమాచారం పైన. తలుచుకుంటే చేయగలరు. చేశారు కూడా.

రెండోది మనదే. ఉమ్మడి రాష్ట్రంలో 2007 ప్రాంతంలో 104 అనే ఆరోగ్య సలహా ఫోన్ నంబరు మొదలైంది. ఫోన్ చేసి కడుపు నొప్పి అంటే అవతలి మనిషి జవాబు చెప్పేవాళ్ళు కాదు, ముందు అడిగేవాళ్ళు. ఎవరికి, ఎన్నేళ్ళు, ఎప్పటి నుంచి, ఏ పక్క, వాంతులున్నాయా, ఆడవాళ్ళయితే నెల తప్పిందా. వాళ్ళ ముందు కంప్యూటర్లో ప్రశ్నల చెట్టు ఉండేది. ఒక్కో జవాబుకీ ఒక్కో కొమ్మ. అవసరమైతే డాక్టరుకి కలిపేవాళ్ళు. డాక్టరు కాని మనిషి, డాక్టరు పక్కన లేని ఊరికి, ఫోన్లో వరసగా ప్రశ్నలడిగి, ఇంట్లో ఉండొచ్చా ఇప్పుడే పోవాలా అన్నది తేల్చిపెట్టడం. అంత పాత ఫోన్లతో అది సాధ్యమైంది. ఇప్పుడు ఏఐ నాతో తెలుగులో కవిత్వం రాస్తానంటోంది గానీ, ప్లేట్‌లెట్లు అని అడిగితే నీ రిపోర్టులో ఏ కొలత అని అడగదు. తిరిగి ప్రశ్న వేస్తే జనానికి విసుగు పుడుతుందని, వెళ్ళిపోతారని భయం కావచ్చు. డాక్టరు దగ్గర రెండు గంటలు టోకెన్ పట్టుకుని కూర్చునే జనం వీళ్ళు. రెండు ప్రశ్నలకి విసుక్కోరు.

కంపెనీలని అనడం సులువు, మా రిపోర్టు సంగతేమిటని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆ అమ్మాయిని భయపెట్టిన తెర రెండు ముక్కలు, ఒకటి సెర్చ్ డబ్బా, రెండోది మా పీడీఎఫ్. హద్దుకి చుక్కంత బయట ఉన్నదానికీ, నిజంగా పరిగెత్తాల్సినదానికీ మేం వేసే స్టార్ ఒకటే. పొటాషియం ప్రాణం మీదికొచ్చేంత ఉంటే డాక్టరుకి ఫోన్ చేసి చెప్తాం, అది వేరే. కానీ కాగితం మీద తేడా ఉండదు.

డెంగీ కాలం అయిపోయాక ఓనరు గారి దగ్గర ఈ విషయం ఎత్తాను. ప్లేట్‌లెట్ల పక్కన, ఇంకో పద్ధతిలో ఇది ఎంత అవుతుందో కూడా వేద్దాం అన్నాను. ఒక అంకెకి ఇంకో అంకె, అంతే కదా. హద్దుకి కొంచెం బయట ఉన్నవాటికి స్టార్ తీసేసి, “స్వల్ప తేడా, డాక్టరుకి చూపించండి” అని వేద్దాం అన్నాను. రెండోదానికి ఆయన ఒప్పుకోలేదు. స్టార్ లేకపోతే డాక్టర్లు మమ్మల్ని అంటారని ఆయన బాధ. అందులోనూ అర్థం ఉంది, సాయంత్రం ఎనభై మందిని చూసే డాక్టరుకి కళ్ళు ముందు పోయేది స్టార్ మీదికే. మొదటిదానికి సరేనన్నారు. సాఫ్ట్‌వేర్ అబ్బాయికి ఫోన్ చేస్తే, అంకె పెట్టడం తేలికే మేడం, తెలుగు వాక్యం పెట్టాలంటే ఫాంటు పీడీఎఫ్‌లో గళ్ళు గళ్ళుగా వస్తోంది అన్నాడు. అంకె ముందు పెట్టెయ్ నాయనా, ఫాంటు సంగతి తర్వాత చూద్దాం అన్నాను. వచ్చే అప్‌డేట్‌లో పెడతానన్నాడు. రోజు మార్చి రోజు ఫోన్ చేస్తూనే ఉన్నాను.